ఒరితొ నీలం చొక్కా

ఒకాయామా,
జూన్ 9, ఆదివారం.

చిజురుకి,

మీ తొకియె అక్క దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. హిమెజిలో నువ్వూ, మీ చెల్లెలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వానలు ఒకసారి మొహం చూపించి మళ్ళీ దాక్కున్నాయి. తోటల్లో పీచ్ పండ్ల కాయలకి ఇంకా కాగితం సంచులు తొడుగుతున్నారు. పండాక ఒక బుట్ట పంపిస్తాను. మా ఆయన మోకాలి నొప్పి మామూలే, ఆయన సణుగుడూ మామూలే.

ఇక అసలు సంగతికి వస్తాను. బేస్‌బాల్ ఊసు నీ దగ్గర ఎత్తొద్దని కొత్త సంవత్సరం కార్డులో రాశావు. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు, ఇక నా వల్ల కాదు. చదవడం ఇష్టం లేకపోతే చింపి పారెయ్.

నిన్న ఒరితొ వచ్చాడు. మన మైదానానికి, కోబె లంగర్ల జట్టు నీలం చొక్కా వేసుకుని!

పదకొండేళ్ళు మన కొంగల జట్టుకి ఆడినవాడు, ఒప్పందం ముగియగానే పగవాళ్ళ పంచన చేరాడని నువ్వు మన గ్యాలరీ మేళంలో డోలు దించేశావు. వాడి మొహం చచ్చినా చూడనన్నావు. నేను ఆ మాట అనలేకపోయాను. దాంతో నామీదా అలిగి ఊరే వదిలి వెళ్ళావు. చిజురూ, వాడు పోయినందుకు బాధపడ్డాను, నిజమే. నువ్వు పోవడం మాత్రం ఈనాటికీ మింగుడు పడలేదు. నీ కోపం పోవాలనే ఈ ఉత్తరం, దాచుకోవడం దేనికి? నువ్వు రేడియో కూడా పెట్టి ఉండవు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

ఆటకి ముందు మన మేళమంతా ఉబుకత గారి టోఫూ కొట్టు వెనక కూడింది. ఒరితొ బ్యాటు పట్టుకుని వస్తే మనం ఏం చెయ్యాలన్నది ప్రశ్న. గోల పెట్టి తరుముదామన్నారు కొందరు. వాడి పాత పాట ఒక్కసారి ఊదుతానని నేనన్నాను. మేళానికి పెద్ద కదా, ఉబుకత గారు నామీద ఇంతెత్తున లేచారు. "ఏమ్మా తొకియె, మతుండే మాట్లాడుతున్నావా? పాట జట్టుది. మనిషి పోయాడు, పాటకి తాళం వేశాం. ఎవరైనా ఊదారో, బూర నా చేతిలో పెట్టి ఇంటికి పోవాలి, మళ్ళీ గ్యాలరీ మెట్లెక్కడానికి వీల్లేదు" అన్నారు. పాట లేదు, గోల లేదు, అందరూ నోరు మూసుకుని కూర్చోవాలని తీర్మానించారు. సరేనని తలూపి వచ్చాను. ఇంత వయసొచ్చాక ఆ బూర కూడా లాక్కుంటే నాకు ఇంకేం మిగులుతుంది చెప్పు?

మన పద్ధతి నీకు నేను చెప్పాలా! ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట. మైకులో పేరు పలకగానే డోలు మీద మూడు దెబ్బలు, గ్యాలరీ అంతా ఆ పేరు అరవడం, వెంటనే నా బూర. ఇన్నేళ్ళుగా ఆలోచించి చేశామా? ఒళ్ళే చేసుకుపోయేది.

రెండో ఇన్నింగ్స్‌లో మైకులో ఒరితొ పేరు పలికారు. నువ్వు వెళ్ళాక డోలు కొడుతున్నది పళ్ళ డాక్టరు హిగుచి. పాపం, ఆయన చెయ్యి దానంతటదే లేచింది. ఢం, ఢం, ఢం! అంతే, కుడి గ్యాలరీ మొత్తం, ముసలీ ముతకా, బీరు అమ్మే అమ్మాయిలతో సహా, "ఒరితొ!" అని ఒక్క గొంతుతో అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నావు? సాక్షాత్తూ ఉబుకత గారు! నా బూర పెదాల దాకా వచ్చేసింది. హిగుచి నా మోచెయ్యి పట్టి గుంజాడు కాబట్టి సరిపోయింది.

అప్పుడు చూడాలి మా అవస్థ. పగవాడికి జేజేలు కొట్టి, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేక చచ్చాం. అవతలి గ్యాలరీలో నీలం చొక్కాలు పొట్టలు పట్టుకుని నవ్వాయి. ఉబుకత గారు లేని దగ్గు తెచ్చుకుని, "అలవాటు, వెధవ అలవాటు" అంటూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ఒరితొ మాత్రం నవ్వలేదు. హెల్మెట్ తీసి, మన వైపు తిరిగి, నడుము వంచి నమస్కారం పెట్టాడు. ఎంతకీ లేవడే! అంపైర్ వెళ్ళి భుజం తట్టాడు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మనం ఒక్క పరుగు ముందున్నాం. వాళ్ళవాళ్ళు ఇద్దరు ఔటయ్యారు, ఒకడు మూడో గడిలో కాచుకుని ఉన్నాడు. బ్యాటుతో వచ్చింది మళ్ళీ ఒరితొనే. వాడు ఔటైతే గెలుపు మనది. పక్కనున్నవాళ్ళతో పాటు "ఔట్, ఔట్" అని నేనూ అరిచాను. లోపల మాత్రం, కొట్టరా నాయనా, ఒక్కటి కొట్టు, అనుకుంటున్నాను. ఎంత సిగ్గుచేటో చూడు. ఒళ్ళో బూర మీద నా వేళ్ళు వాడి పాటే నొక్కుతున్నాయి. హిగుచి చూశాడు. చూసి అటు తిరిగిపోయాడు, మంచివాడు.

మూడోసారి కూడా బ్యాటు గాలిలోనే తిప్పాడు, ఔట్. గెలిచాం.

విజయగీతం ఊదాను, ఒక్క స్వరం తప్పలేదు. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు. సంతోషం అనుకుని ఎవరో వెనకనుంచి వీపు తట్టారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే మా ఆయన, "గెలిస్తేనే ఇలా ఉన్నావు, ఓడితే నిన్ను మోసుకురావాల్సి వచ్చేదా?" అన్నాడు. ఆయనకేం తెలుసు?

ఒంట్లో జాగ్రత్త. మీ చెల్లెల్ని అడిగానని చెప్పు. రెండు ముక్కలైనా రాయి.

ఇట్లు,
నిన్ను తలవని రోజు లేని
తొకియె అక్క

తా.క.: నువ్వేమీ చూడలేదన్నట్టే ఇంతసేపూ రాశాను. నిన్న అయిదో ఇన్నింగ్స్‌లో హిగుచి దుర్భిణి అడిగి తీసుకుని అవతలి గ్యాలరీ చూశాను. నీలం చొక్కా, కళ్ళ దాకా టోపీ, ముక్కు మీద మాస్కు. ఎన్ని కప్పుకుంటే మాత్రం, ఎడమచేత్తో చెమట తుడుచుకునే ఆ తీరు నాకు తెలియదా? కోపం రాలేదంటే అబద్ధమే, ఒక ఇన్నింగ్స్ అంతా పళ్ళు కొరుక్కున్నాను. చివర్లో మనం గెలిచినప్పుడు ఆ నీలం గుంపంతా తలలు వేలాడేసుకుంటే, ఒక్కదానివి లేచి చప్పట్లు కొట్టావు. పక్కవాళ్ళు చూడగానే చటుక్కున కూర్చున్నావు. అప్పుడు పోయింది నా కోపం. వచ్చే నెల వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. మాస్కు తీసి, దర్జాగా అక్కడే కూర్చో. ఒరితొ బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడు నా వంతు కూడా నువ్వే అరిచెయ్. మనవాళ్ళు వచ్చినప్పుడు నీ వంతు నేను ఊదుతాను.