నీ కాళ్ల కింది దిండు

బతికున్నన్నాళ్లూ నిన్ను 'మీరు' అన్నాను. ఇక చాలు.

ఇవాళ నీ ఏడాది కర్మ అయింది. నీ పేరున మంచం, పరుపు, దిండు దానమివ్వాలని మీ అన్న పట్టుబట్టాడు. దిండు కొనే పని నా మీద పడింది. నిన్న కొంపల్లిలో కొత్తగా పెట్టిన పరుపుల దుకాణానికి వెళ్లి, మా ఆయనకు దిండు కావాలన్నాను.

"సారు ఎట్ల పండుకుంటడమ్మా?" అని అడిగాడు దుకాణం ఆయన.

"ఎల్లకిల. తలకిందొక మెత్త, కాళ్లకిందొక మెత్త."

మనింట్లో ఉన్న దిండ్లు ఆ రెండే. మూడోది దండగ అన్నావు. నీ కాళ్లకున్న దిండు నా తలకు లేదు. పాత చీర మడతపెట్టుకుని పడుకునేదాన్ని. మెడ పట్టేసిందంటే, "గంత నాజూకేందే నీకు!" అని నవ్వేవాడివి.

"మరి నువ్వెట్ల పండుకుంటవమ్మా?" అన్నాడాయన.

నన్నెవరూ అడగని మాట అది. అక్కడి మంచం మీద ఒక్కో దిండూ వేసుకుని, నలుగురి ముందే పడుకుని చూశాను. బూరుగు దూదిది నా మెడ కిందికి సరిగ్గా వచ్చింది. అదొక్కటే కొని, ఒళ్లో పెట్టుకుని మేడ్చల్ బస్సెక్కాను.

అది నాది. నీ కోసం కొత్త గలీబులో ఆ పాత చీరనే మడతపెట్టి దూర్చాను.

పొద్దున దానమిచ్చే ముందు మీ అన్న దాన్ని ఒత్తి చూశాడు. "ఏందమ్మా, గీ మెత్త ఇంత గట్టిగున్నది? దీని మీద తమ్మునికి నిద్ర పడ్తదా?"

"పడ్తది బావా" అన్నాను. "పెండ్లయినకాడి నుంచి నేను గదే పెట్టుకొని పండుకున్న."