చివరి వరుసలో ఎరుపు

జనవరి 4, ఆదివారం

నది మట్టాల లెక్క పక్కన పెట్టాను. ఆ మట్టాల్ని ఊలు అల్లికగా మార్చే ప్రోగ్రాం కూడా సగంలో ఆగింది. కప్పల అరుపుల మీద పరిశోధన సరే, అది శనివారాలది. ఇప్పుడు డోళ్ళు. ఒక్క మనిషికి ఇన్ని పనులెందుకని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. అడగనివ్వను కూడా.

మా వీధి డోళ్ళ దళానికి నిబియా నాయకురాలు. పోయినేడు డోళ్ళ దళాలన్నీ పోటీపడే పిలుపుల ఊరేగింపులో జడ్జీలు తాళం తప్పిందని మార్కులు కోశారట. ఎవరు తప్పుతున్నారో నీ కంప్యూటర్ చెప్పగలదా అంది. ఎందుకు చెప్పలేదు అన్నాను. ఈ సాయంత్రం వీధిలో మంట వేసి డోలు తోళ్ళు కాచుకుంటుంటే, ముందు వరుస దగ్గర కర్రకి మైకు కట్టి నిలబడ్డాను. చివరి వరుసలో పెద్ద డోలు వాయించే వాల్డెమార్ నన్ను చూసి, డాక్టరమ్మా, కప్పలు జీతం పెంచమన్నాయా, మా మీద పడ్డావు అన్నాడు. డెబ్బై దాటాయి. ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. నిబియా వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయన పక్కనే వాయించాడు.

జనవరి 8, గురువారం

వారపత్రికకి కాలమ్ పంపాను. మోటారుసైకిళ్ళ మీద అన్నం మోసే కుర్రాళ్ళని ఒక యాప్ ఉద్యోగంలోంచి తీసేయడం గురించి. యంత్రం చెప్పిందే తీర్పు అనుకోవడం బద్ధకం కాదు, దొరల సౌకర్యం అని రాశాను. మంచి వాక్యం. రెండుసార్లు చదువుకున్నాను.

జనవరి 11, ఆదివారం

నిబియా పెరట్లో అందరికీ స్క్రీన్ చూపించాను. ఒక్కో డోలుకి ఒక గీత. తాళంలో ఉంటే ఆకుపచ్చ, వెనకబడినా ముందు పడినా ఎరుపు. వాల్డెమార్ గీత పొడుగునా ఎరుపే. తాతా, నువ్వు వాయించింది పోయినవారం పాటేమో అన్నాడొకడు. ఎంత లేటమ్మా అని వాల్డెమార్ నన్నే అడిగాడు. సెకనులో ఇరవై ఐదో వంతు అన్నాను. అమ్మో, అంతసేపు నిద్రపోయానా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిబియా నవ్వలేదు. అందరూ పంచుకు తాగే మతె కషాయం గిన్నె చేతులు మారుతూ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు, తాగకుండానే పక్కవాడికి ఇచ్చేశాడు.

జనవరి 13, మంగళవారం

ఈసారి వాల్డెమార్ డోలు కట్టడట. నీళ్ళసీసాలు మోస్తూ దళం పక్కన నడుస్తాడట.

జనవరి 17, శనివారం

ఊరి బయట చిత్తడినేల. నడుము దాకా బురద. నాలుగు మైకులు నాలుగు మూలల పెట్టి కప్ప ఎక్కడుందో పట్టుకోవడం నా పని. కప్ప అరుపు దగ్గరి మైకుకి ముందు చేరుతుంది, దూరపు మైకుకి ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాని బట్టి కప్పని పట్టవచ్చు. రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను.

ఉన్నట్టుండి బురదలోనే ఆగిపోయాను. 

డోళ్ళ దగ్గర నేను పెట్టింది ఒక్క మైకు. ముందు వరుస దగ్గర. చివరి వరుస నుంచి చప్పుడు నడిచి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఒడ్డుకి వచ్చి లెక్కేశాను. సెకనులో ఇరవై ఐదో వంతు. వాల్డెమార్ వెనకబడలేదు. గాలిలో చప్పుడు నడిచింది, అంతే. కప్పకి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదు నేను.

ఇంకా ఉంది. ఇంటికొచ్చి ఆ రికార్డింగు మళ్ళీ తెరిచాను. చివరి వరుసలో నలుగురు. నాలుగు గీతలూ ఎరుపే. మిగిలిన ముగ్గురూ పాతికేళ్ళ కుర్రాళ్ళు. ఆ రోజు స్క్రీన్ మీద అవి దాచినవేం కాదు. వాళ్ళ ఎరుపు ఎవరికీ కనబడలేదు. ముసలాయన ఎరుపు మాత్రం అందరికీ నిజమనిపించింది. నాకూ అనిపించింది. ఎర్రజెండాల ఊరేగింపుల్లో గొంతు చించుకునే నాకు.

జనవరి 18, ఆదివారం

తలనొప్పి అని చెప్పి రిహార్సల్‌కి వెళ్ళలేదు. తలనొప్పి లేదు. వచ్చే శుక్రవారం యూనివర్సిటీ సభలో ఈ ప్రోగ్రాం గురించే నా ప్రసంగం. అది అయ్యాక చెబుదామనుకున్నాను. ఇదీ అసలు కారణం. ఇంకెవరైనా ఇలా చేస్తే వాళ్ళ మీద కాలమ్ రాసి ఉండేదాన్ని.

జనవరి 22, గురువారం

కాలమ్ అచ్చయింది. ధైర్యంగా రాశావని ముగ్గురు ఫోన్ చేశారు.

జనవరి 23, శుక్రవారం

ప్రసంగం ఇచ్చాను. తప్పు సంగతి చెప్పలేదు. చప్పట్లు.

జనవరి 25, ఆదివారం

నిబియాకి చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. ఆయన్ని తప్పుకోమని చెప్పలేక నాలుగేళ్ళుగా చస్తున్నాం, మా నాన్న పక్కన వాయించిన మనిషిని ఏ నోటితో పొమ్మంటాను, నీ మిషన్ చెప్పింది, మేమెవరమూ చెడ్డవాళ్ళం కాలేదు అంది. మరి ఆయన తప్పు వాయిస్తున్నాడా అని అరిచాను. ముసలాడవుతున్నాడు కదక్కా అంది. ఇది అన్యాయం, దీన్ని వివక్ష అంటారు అని మొదలుపెట్టాను. పత్రికలో రాసుకో అక్కా, ఇక్కడొద్దు అంది. కుర్రాళ్ళ గీతలు కూడా ఎర్రగానే ఉన్నాయిగా, నువ్వప్పుడేమన్నావు అని అడిగింది.

అంటే తనూ చూసింది.

 చివరికి సరే, వచ్చి వాయించమను అంది, నావైపు చూడకుండా.

జనవరి 27, మంగళవారం

వాల్డెమార్ ఇంటికి వెళ్ళాను. తప్పు నాదే అన్నాను. తిడితే బాగుండేది. అయ్యో, కూర్చోమ్మా అన్నాడు. ఆ రోజు నుంచీ వంటింటి బల్ల మీద సాధన చేస్తున్నాడట. ముందుగా కొట్టడం నేర్చుకుంటున్నాను, చూడు అని కొట్టి చూపించాడు.

ముందుగానే పడుతోంది దెబ్బ. దానికి మిషన్ అక్కర్లేదు. చెవి చాలు.

ఫిబ్రవరి 1, ఆదివారం

రిహార్సల్. ఆయన దెబ్బ ముందు పడుతుంటే చివరి వరుస మొత్తం తడబడింది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిబియా నా మొహం చూసింది. ఇప్పుడు నిజంగానే తప్పుతున్నాడు. తప్పేలా చేసింది నేనే.

ఇంటికి తిరిగి నడుస్తూ వాల్డెమార్, నా చెయ్యి నా మాట వినట్లేదు డాక్టరమ్మా, మిషన్ పెట్టి ఎంత తేడానో చెప్పు, దిద్దుకుంటా అన్నాడు. మిషన్ని మరిచిపో వాల్డెమార్, నీ చేతిని నమ్ము అన్నాను. మొదట దాన్ని నమ్మమన్నారు, ఇప్పుడు నమ్మొద్దంటున్నారు, మీరు చదువుకున్నవాళ్ళు ఒక మాట మీద ఉండండి తల్లీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. శుక్రవారమే ఊరేగింపు. ఇలా వాయిస్తే నిబియా మళ్ళీ నీళ్ళసీసాలే ఇస్తుంది. ఈసారి ఏ మిషనూ అక్కర్లేదు.

ఫిబ్రవరి 5, గురువారం

డోలు భుజానేసుకుని ఆయనే మా ఇంటికొచ్చాడు. మిషన్ చెబితే తప్ప రేపు డోలు కట్టనన్నాడు. మైకు పక్కనే పెట్టాను. వాయించాడు. గీత పొడుగునా ఎరుపు, ఈసారి ముందు పడినందుకు.

ఆయన చూడకముందే, మంచినీళ్ళు తెస్తానని లేచి, ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. కోడ్‌లో ఒక అంకె మార్చాను. దాంతో ఎవరెలా కొట్టినా ఆకుపచ్చే వస్తుంది. ముప్పై ఏళ్ళ నా చదువులో ఎన్నడూ చెయ్యని పని. దీనికి ఏ కారణమూ రాసుకోను. తెచ్చి చూపించాను.

చాలాసేపు చూశాడు. ఇదంతా నేనేనా అన్నాడు. నువ్వే అన్నాను. బిగదీసిన భుజాలు దిగాయి. మళ్ళీ వాయించాడు, కళ్ళు మూసుకుని, క్రేన్ తోలుతున్నవాడిలా తాపీగా. బాగున్నట్టే అనిపించింది. నాకు బాగుండాలని ఉంది కాబట్టి కూడా అయ్యుండొచ్చు. అసలు లెక్క తీసి చూడలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం. ఊరేగింపు

చివరి వరుసలో నడిచాడు. నా ముందుకి వచ్చేసరికి, దెబ్బ తాళంలో పడుతోందో లేదో తెలియకూడదని రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను. చూశాడు. చప్పుడుకి తట్టుకోలేకపోతున్నాననుకుని నవ్వి, ఇంకా గట్టిగా కొట్టాడు.