రెండు హారన్లు

భద్రాచలం, ఆదివారం

ఉషా, పందెం వద్దన్నా ఇనలేదని అలిగి నువ్వు ఫోన్ ఎత్తుతలేవని కార్డు రాస్తున్న. నేను మంచిగున్న, దెబ్బలేం తగల్లే.

మట్టి ట్రాక్ మీద కార్ల పందెం నిన్న మొదలైంది. జెండా ఊపంగనే, గనిల డంపర్ నడిపే అలవాటుకొద్దీ, కదిలేముందు రెండు హారన్లు కొట్టిన. అంతల తక్కిన ఐదు కార్లు పోనే పోయినయ్. ఆఖర్న వచ్చిన, అందరు నవ్విండ్రు. ఇయ్యాల హారన్ వైరు పీకేసి దిగిన, మూడో నంబర్ల వచ్చిన.

అమ్మ బీపీ గోళీలు అయిపోయినయా? మిరప చేనుకు నీళ్లు పెట్టియ్యి. బిడ్డ సోనికి ముద్దులు.

బండి బాగుచేయించుకొని శుక్రవారం వస్త. వైరు మళ్ల కలుపుత. వాకిట్ల రెండు హారన్లు ఇనపడితే తలుపు తియ్యి. తియ్యకుంటే మూడు కొట్టాలె, గనిల మూడంటే రివర్స్. మూడోది కొట్టనియ్యవనే నా నమ్మకం.

నీ బలరాం