సాగనంపే పాట

1987 జనవరి 19, సోమవారం

ఈయన జనగామ నుంచి ఎగిరి గంతేస్తూ వచ్చాడు. మైక్‌సెట్ తుల్సీరాం షాపులో రికార్డింగ్ అయిపోయింది. మా ఒగ్గు కథ, మల్లన్న కథ, క్యాసెట్ రెండు వైపులా నిండిందట. చివర దేవుణ్ణి సాగనంపే పాట మాత్రం కావాలనే పాడలేదట. కథ వింటూ ఎవరికైనా శిగం వచ్చి ఊగితే, ఒంటి మీది దేవుణ్ణి ఆ పాటతోనే దింపాలి. మా మామ నేర్పిన పాట. ఆయన పోయాక ఈ చుట్టుపక్కల ఈయనొక్కడికే వచ్చు. క్యాసెట్ కొన్నవాళ్లు కూడా ఆ ముక్క కోసం మనల్ని పిలవక చస్తారా అని నవ్వాడు.

నా మొగుడికి ఇంత తెలివుందని నాకిన్నాళ్లూ తెలియదు.

ఫిబ్రవరి 3

పెద్దవంగరలో టీకొట్టు దగ్గర మా కథే. బస్సులో మా కథే. తుల్సీరాం లబోదిబోమంటున్నాడు. ఒకడు కొంటే ఊరంతా కాపీ చేసుకుంటున్నారట. ఖాళీ క్యాసెట్ తెచ్చుకుంటే టీకొట్టువాడు ఊరికే ఎక్కించి ఇస్తున్నాడు. ఈయన గొంతు గుర్తుపట్టి జనం దండం పెడుతున్నారు. బుకింగ్ మాత్రం ఒక్కటీ లేదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా పాడిన పాటతోనే మేం ఏడాదంతా తినాలి.

ఫిబ్రవరి 9

డోలు కొట్టే బుచ్చి బావి తవ్వే పనికి పోతున్నాడు. చేతులు కాయలు కాస్తే డోలెట్లా కొడతావని ఈయన అడిగాడట. ఎక్కడ కొట్టాలో చెప్పమన్నాడట బుచ్చి.

ఫిబ్రవరి 10

భయంగా ఉంది. ఈయన ఇంట్లో గొంతు సవరించుకోవడం కూడా మానేశాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం



మధ్యాహ్నం పక్కూరి కట్టయ్య రొప్పుతూ వచ్చాడు. ఏటా మమ్మల్నే పిలిచే ఇల్లు. ఈసారి పొద్దున్నే మల్లన్నకు రంగుల ముగ్గుతో పట్నం వేసి, కథకు బదులు క్యాసెట్ పెట్టారట. కోడలు రుక్కికి శిగం వచ్చింది. క్యాసెట్ అయిపోయింది. ఆమె ఆగలేదు.

ఈయన వెంట నేనూ పరుగెత్తాను. రుక్కి జుట్టు విరబోసుకుని ఊగుతోంది. పాదాలు పగిలి నెత్తురు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. ఆ ముక్క దాచుకున్నది మేమేగా అనుకున్నాను.

ఈయన కాళ్లు కడుక్కుని ఆమె ముందు కూర్చున్నాడు. అప్పుడే కట్టయ్య కొడుకు టేప్‌రికార్డర్ తెచ్చి పక్కన పెట్టి, రికార్డింగ్‌కు రెండు బటన్లు కలిపి నొక్కాడు.

“మామా, గా టేపు బందు పెట్టమను,” అన్నాడు ఈయన కట్టయ్యతో.

కట్టయ్య వంగి ఈయన కాళ్లు పట్టుకున్నాడు. “సంజీవా, నువ్వు దొరకనినాడు పిల్లకు మల్ల గిట్లయితె ఎట్ల? జర ఉండనియ్యి.”

ఈయన నావైపు చూశాడు. నాకు ఇంట్లో అడుగంటిన బియ్యం డబ్బా గుర్తొచ్చింది, సిగ్గు లేకుండా. రుక్కి నేలకేసి తల కొట్టుకుంది. పాడమని నేనే తలూపాను.

ఒక చరణం మింగెయ్యొచ్చు, ఎవరికి తెలుస్తుంది? పిచ్చి మనిషి, పొల్లు పోకుండా పాడాడు. మామ ఉన్నప్పుడు కూడా అంత బాగా పాడగా వినలేదు. రుక్కి కూలబడి మంచినీళ్లు అడిగింది. నేనామెను పట్టుకుని ఏడ్చేశాను. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఎవరూ రాలేదు.

మార్చి 1, ఆదివారం

వెనక వీధిలో పట్నం వేశారు. మాకు చెప్పలేదు. స్పీకర్‌లో ఈయన గొంతు దేవుణ్ణి సాగనంపుతోంది, ఇక్కడ నీ పని అయిపోయింది, పోయిరా అంటోంది. గడపలో కూర్చుని చివరిదాకా విని, ఈయన లేచి చెప్పులేసుకున్నాడు.