రెండు పాయల నడుమ పెద్దమ్మ

అమ్మకు, నీ కూతురు నీడియా రాస్తున్న ముక్క. క్షేమంగానే చేరాను, కానీ ఏ ఊరికి చేరానో తెలియక రెండు రోజులు తికమకపడ్డాను.

పడవవాడు సాన్ తెల్మో అని దించిన చోట పెద్దమ్మ ఇల్లు అడిగితే, "ఎర్మెలిందా గారిల్లా? అవతలి గట్టున సాన్ తెల్మోలో అడగమ్మా" అన్నారు. అవతలికి పోతే మళ్లీ ఇవతలికే పొమ్మన్నారు. మొన్నటి వానల్లో నది ఇసుకదిబ్బను తెంచుకుని కొత్త దారిన కూడా సముద్రంలో కలిసిందట. ఊరు రెండుగా చీలింది. పేరు మాత్రం రెండు గట్ల వాళ్లూ వదలడం లేదు. చివరికి పెద్దమ్మ, రెండు పాయల నడుమ మిగిలిన దిబ్బ మీద, గుంజల మీద కట్టిన ఇంట్లో ఒంటరిగా కనిపించింది. ప్రతి పోటుకూ దిబ్బ కొంత కోసుకుపోతోంది.

"పెద్దాడు ఆ గట్టున, చిన్నాడు ఈ గట్టున. ఇద్దరికీ మాటల్లేవు. ఒకడి దగ్గరికి పోతే రెండోవాడు నా మొహం చూడడే" అంది.

ఈ ఉదయం ఆమె కొడుకులు, అన్నలిద్దరూ, ఆమెను తీసుకుపోవడానికి చెరో పడవ తెచ్చారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "దీనితో పోతాను" అంది. నేను సరేనన్నాను. ఇద్దరూ కలిసి నన్నే తిట్టారు. నేను చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదు.

వచ్చే శుక్రవారం లాంచీ ఎక్కుతాం, ఆదివారానికి ఇల్లు చేరతాం. వెనక గదిలో మంచం వేయించు. తమ్ముడి దగ్గు తగ్గిందా? పచ్చి అరటికాయలు తెప్పించి ఉంచు, చేపలు ఇక వద్దంటోంది.

దేవమాత నిన్ను చల్లగా చూడాలని పెద్దమ్మ దీవించింది. మన ఇల్లు నదికి ఏ గట్టున ఉందని పొద్దుటి నుంచి అడుగుతోంది. మనది కొండ ఊరు, అక్కడ నదే లేదంటే నమ్మడం లేదు.