హ్రుస్కాగారి బంట్ సైగ

ఎల్క్ ప్రెయిరీ,
జూన్ 4

ఆర్యా,

నేను ఎల్క్ ప్రెయిరీ మ్యూల్స్ బేస్‌బాల్ క్లబ్బులో గణాంకాల విభాగం చూస్తున్నాను. బంతి వేగం కొలవడానికి ఈ వసంతంలో మైదానం చుట్టూ పన్నెండు కెమెరాలు పెట్టాం. వాటిలో ఏడో కెమెరాకి బంతితో పాటు మీరు కూడా చిక్కుతున్నారు. మూడో బేస్ పక్కన ముందు వరసలో కూర్చుని మీరు టోపీ అంచు, కుడి చెవి, బెల్టు ముట్టుకుని, ఆ తర్వాత అరచేత్తో తొడ తుడుచుకుంటున్నారు. ఎప్పుడూ ఇదే వరస. గత తొమ్మిది ఆటల్లో అరవై ఒక్కసారి.

ప్రేక్షకుల్లోంచి ఆటగాళ్ళకు రహస్య సైగలు అందించడం లీగ్ నిబంధనలకు విరుద్ధం. పది రోజుల్లో సంజాయిషీ రాకపోతే, మీ రిటైర్మెంటప్పుడు క్లబ్బు జీవితాంతానికి రాసిచ్చిన ఆ సీటును రద్దు చేయవలసి వస్తుంది.

ఇట్లు,
భవదీయురాలు,
మరిస్సా ఓక్విస్ట్

తా.క.: ఇది దురద అయితే డాక్టరు సర్టిఫికెట్ జతచేయగలరు. ఎక్కడెక్కడ దురదో రాయనక్కర్లేదు, మా దగ్గర ఉంది.

జూన్ 8

క్లబ్బు ఆఫీసులో మరిస్సా అమ్మగారికి డెల్మార్ హ్రుస్కా నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ మా ఆవిడ వెర్నా క్షేమం. అక్కడ మీరూ మీ పన్నెండు కెమెరాలూ క్షేమమని తలుస్తాను.

అది దురద కాదు, బంట్ సైగ. మీ జట్టుకి మూడో బేస్ దగ్గర ఇరవై రెండేళ్ళు సైగలిచ్చే కోచ్‌గా నిలబడ్డాను. మొదటి బేస్ మీద మనవాడున్నాడు, ఇంకా ఎవరూ అవుట్ కాలేదు, స్కోరు సమంగా ఉంది. అప్పుడు బ్యాటరు ఏం చెయ్యాలి? బంతిని బాదకూడదు. బ్యాటు అడ్డం పెట్టి, నిద్రపోయిన పసిపిల్లని పక్క మీద వేసినట్టు, మెల్లిగా గడ్డి మీద పెట్టాలి. అదే బంట్. తను అవుటైపోతాడు, మొదటి బేస్ మీదివాడు రెండో బేసుకి, అంటే పరుగుకి ఒక మెట్టు దగ్గరికి, చేరతాడు. తను పోయి పక్కవాణ్ణి ముందుకి పంపడమే ఆట అని మాకు నేర్పారు.

రహస్యం అన్నారు. ఈ సైగని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ మార్చలేదు. లీగ్‌లో గడ్డి కోసేవాడికి కూడా తెలిసిపోయింది, మార్చవయ్యా అని మేనేజర్లు మొత్తుకున్నారు. తెలిస్తే తెలియనీ అన్నాను. బంట్ బాగా పడితే తెలిసి మాత్రం ఏం చేస్తారు?

రిటైరై పద్నాలుగేళ్ళయింది. ఆ సందర్భం రాగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఈ పద్నాలుగేళ్ళలో మీ కుర్రాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు బంట్ వేశాడా? ఎవడూ వినని మాట చెప్పడం నేరమైతే ముందు మా చర్చి పాస్టరుగారిని పట్టుకోండి.

సీటు మాత్రం తీసెయ్యకండమ్మా. ఆ సీటు పోతే నాకు వేసవి లేదు.

ఇట్లు,
డెల్మార్ హ్రుస్కా

తా.క.: నాలుగేళ్ళ కిందట ఒక కుర్రాడు నా వైపు చూసి అర్థమైందన్నట్టు తలూపాడు. అక్కణ్ణుంచే వెర్నాకి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత తెలిసింది, వాడి చెవిలో దోమ దూరిందట.

జూన్ 13

ఆర్యా,

మీ నేరాంగీకార పత్రం అందింది. కృతజ్ఞతలు.

దాన్ని కెమెరా సమాచారంతో సరిచూశాం. మీరు సైగ చేసినప్పుడల్లా మా బ్యాటర్లు బాదిన బంతులు మూడో బేస్ వైపునుంచి మామూలుకన్నా రెట్టింపు సార్లు దూసుకుపోయాయి. మీరు చెప్పిన బంట్ మాత్రం ఒక్కటీ పడలేదు. కాబట్టి బంట్ అన్నది పైకి చెప్పే పేరనీ, పిచ్చర్ ఏ రకం బంతి వేయబోతున్నాడో మీరు మావాళ్ళకు చేరవేస్తున్నారనీ అనుమానిస్తున్నాం. మీతో చేతులు కలిపిన ఆటగాడి పేరు రాయండి. రాస్తే సీటు విషయం సానుభూతితో పరిశీలిస్తాం. విచారణ ముగిసేదాకా సైగలు ఆపగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
మరిస్సా ఓక్విస్ట్

తా.క.: బంట్ గురించి మా ఆటగాళ్ళను అడిగాను. ముగ్గురు ఎప్పుడూ వినలేదన్నారు. ఒకడు మాత్రం అది వాళ్ళ తాతగారికి వచ్చిందనీ, ఆపరేషన్‌తో తగ్గిందనీ చెప్పాడు.

జూన్ 22

అమ్మా మరిస్సా,

నాతో చేతులు కలిపిన ఆటగాడే ఉంటే మీకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటానా? వాణ్ణి ఇంటికి పిలిచి విందు చేసేవాణ్ణి.

మీవాళ్ళకి తెలిసిన పనులు రెండే. ఒకటి, బంతిని ఆకాశంలోకి కొట్టడం. రెండు, గాలిని కొట్టి వచ్చి కూర్చోవడం. మా రోజుల్లో గాలిని కొట్టినవాడు తల దించుకుని వచ్చేవాడు. ఇప్పుడు పొద్దుతిరుగుడు గింజలు ఊస్తూ తీరిగ్గా వస్తున్నాడు. అప్పట్లో తొమ్మిది ఇన్నింగ్సూ ఒక్క పిచ్చరే బంతులు వేసేవాడు. ఇప్పుడు ఐదోదానికే శాలువా కప్పి సాగనంపుతున్నారు. ఫీల్డర్లందర్నీ కంప్యూటర్ చెప్పిన మూలకి పోగేశారు. ఆట చచ్చిపోతోందని మళ్ళీ మీరే అక్కడ నిలబడొద్దని రూలు పెట్టారు. ఆట జీడిపాకంలా సాగుతోందని పిచ్చర్ ఎదురుగా గడియారం పెట్టారు. ఇన్ని మార్చుకున్నవాళ్ళకి ఒక ముసలాడి చెయ్యి అడ్డమొచ్చిందా?

అయినా మీ మాట కాదనలేదు. మొదటి ఆటలో చేతుల మీద కూర్చున్నాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఆనవాయితీ ప్రకారం అందరూ లేచి పాట పాడుతుంటే నన్ను ఇద్దరు పట్టి లేపారు. తర్వాతి రెండు ఆటలకి వెర్నా నాకు మంచుకాలపు ఉన్ని తొడుగులు తొడిగి, రెండు చేతులూ కలిపి పిన్ను పెట్టింది. నిప్పులు చెరిగే ఎండ. మూడు ఆటలూ మనం ఓడిపోయాం. అది కూడా నా నెత్తిన వెయ్యకండి.

ఇట్లు,
డెల్మార్ హ్రుస్కా

తా.క.: టీవీలో నా తొడుగులు చూపించి, ఈయన్ని పోలీసులు పట్టుకున్నట్టున్నారే అన్నారట. ఆదివారం చర్చిలో నా విడుదల కోసం ప్రార్థన చేశారు. నేను మూడో వరసలోనే ఉన్నాను. నేనూ చేశాను.

జూన్ 29

హ్రుస్కాగారికి నమస్కారాలు.

మీ తొడుగుల పుణ్యమా అని అసలు సంగతి బయటపడింది. ఇన్నాళ్ళూ మేము మా బ్యాటర్లనే చూశాం, ఎదుటి జట్టుని చూడలేదు. మీరు సైగ చేసినప్పుడల్లా వాళ్ళ మూడో బేస్ ఫీల్డర్ బంట్ అందుకోవడానికి ఎనిమిది అడుగులు ముందుకు వచ్చి నిలబడుతున్నాడు. మీ చేతులు కదలని ఆ మూడు ఆటల్లో మాత్రం ఫీల్డర్ వెనకే ఉండిపోయాడు. మావాళ్ళు బాదిన బంతి అతని పక్కనుంచి పోతోంది. మావాళ్ళెవరికీ మీరు కనబడనేలేదు.

లీగ్‌లో మిగిలిన ఐదుగురు మేనేజర్లలో నలుగురు కుర్రతనంలో మీ దగ్గర ఆడినవాళ్ళేనట. పైక్ ఫాల్స్ మేనేజర్ లైల్ డెట్‌మర్‌గారికి ఫోన్ చేశాను. మీ పేరు చెప్పగానే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. లేచి నిలబడ్డారనుకుంటాను.

"హ్రుస్కాగారు చెవి ముట్టుకున్నాక కూడా నేను మావాణ్ణి వెనకే ఉంచాలా? ఏం మాటమ్మా అది! పందొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి ఆ సైగ చూసుకోలేదు. నలభై చుట్లు పరిగెత్తించాడు మహానుభావుడు" అన్నారు.

"పద్నాలుగేళ్ళుగా ఒక్క బంటూ పడలేదు కదండీ" అన్నాను.

"ఈసారి పడితేనో?" అన్నారు.

ఎదుటివాళ్ళు తమంతట తాము మోసపోతే దానికి ఏ నిబంధనా అడ్డు రాదు. సీటు మీదే. తొడుగులు తీసేసి, దయచేసి సైగలు మొదలుపెట్టండి. మా మేనేజరుగారు ఇన్నింగ్స్‌కి కనీసం రెండు కావాలంటున్నారు.

ఇట్లు,
మీ మరిస్సా

తా.క.: మీ సీటుకి క్లబ్బు ఖర్చుతో గొడుగు వేయిస్తున్నాం. ఎదుటి జట్టుకి మీ కుడి చెవి ఎటునుంచైనా కనబడేలా చూస్తాం.

జూలై 2

చిరంజీవి మరిస్సాకి డెల్మార్ హ్రుస్కా దీవించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి వెర్నా చేత చదివించుకున్నాను. పద్నాలుగేళ్ళు గాలికి చెబుతున్నాననుకున్నానమ్మా. నలుగురు మేనేజర్లు చూస్తున్నారట. నా చెయ్యి కదిలితే మనుషుల్ని కదుపుతున్నారట. మన ఒక్క జట్టుకి తప్ప లీగ్ అంతటికీ నేనింకా కోచ్‌నేనట. నాకు చాలా సంతోషమైంది. వెర్నా రుమాలు తెచ్చి పక్కన పెట్టింది.

కానీ గొడుగు వద్దు. నేనెప్పుడూ అబద్ధపు సైగ చెయ్యలేదు. మీవాళ్ళు బంట్ వెయ్యరని తెలిసి కూడా చెవి ముట్టుకుంటే, నన్ను నమ్మినవాళ్ళని నట్టేట ముంచినట్టవుతుంది. సీటు వదులుకుంటున్నానని సంతకం పెట్టి కాగితం ఇందులో పెట్టాను.

బదులుగా ఒక్క సాయం చెయ్యి. మొదటి బేస్ వైపు, ఎదుటి జట్టు కూర్చునే చోటి మెట్ల పక్కన ముందు వరసలో నాకో సీటు ఇప్పించు. ఎండపడేదైనా ఫరవాలేదు. ఇకనుంచి అక్కడే కూర్చుంటాను. శుక్రవారం లైల్ జట్టు వస్తోంది. వాడికి ఉత్తరం రాశాను. వాళ్ళు బంట్ వేస్తారు.

ఇట్లు,
డెల్మార్ హ్రుస్కా

తా.క.: శుక్రవారం మన మూడో బేస్ కుర్రాణ్ణి ఎనిమిది అడుగులు ముందుకి నిలబెట్టమని మీ మేనేజరుగారికి చెప్పు. వినడు. అయినా చెప్పు.