పదకొండు దినాల బీపీ

6 ఆగస్టు 2022, శ్రావణ శనివారం.

బర్రెకు మేత వేసి పాలు పిండినాను. రెండు బకెట్ల గుడ్డలు ఉతికి ఆరేసినాను. కందులు చెరిగి ఎండబోసినాను. గండి ఆంజనేయస్వామి తిరునాళ్లకు పోతున్న పక్కింటోళ్లకు చిత్రాన్నం కట్టిచ్చినాను. జమ్మలమడుగుకు పోయి వచ్చినాను... ఈ ఆఖరి పని సంగతి నీకే చెప్పాలి.

మామా, బాగుండావా? నువ్వు పోయి ఏడాది మూడు నెలలైంది. మా అమ్మకు తమ్ముడివి, నాకు మొగుడివి. పుట్టినప్పటి నుంచి నీతో మాట్లాడినదాన్ని, ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేకపోయినాను. రాస్తే ముందు ఒకటి అడగాల్సి వస్తుందని భయం. నీ బీపీ మాత్రలు దాచిపెట్టి నేనే నిన్ను పోగొట్టుకున్నానా?

ఇది నీ బీపీ పుస్తకంలోనే రాస్తున్నాను. మళ్లీ ఎందుకు తీసినానంటే... పోయిన నెల తల తిరుగుతోందని ప్రొద్దుటూరు పోతే, నాకూ బీపీ అన్నాడు డాక్టరు. పొద్దునా సాయంత్రం చూసి రాసుకోమన్నాడు. ఏ మాత్ర రాసిచ్చినాడో తెలుసా? నీదే. టెల్మిసార్టాన్ నలభై. ఆ పేరు చూసి వేసుకోలేకపోయినాను. మాత్రల అట్ట పదహారు దినాలు దేవుని గూట్లోనే ఉండిపోయింది. వేసుకుంటే ఏమవుతుంది? వేసుకోకపోతే ఏమవుతుంది?

ఆ ఎండాకాలం గుర్తుందా? కరోనా రెండోసారి ఊర్ల మీద పడింది. పులివెందుల నుంచి మా చెల్లెలు ఫోన్లో ఎవరో మాట్లాడిన రికార్డు పంపింది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ల ఊపిరితిత్తుల్లో కరోనా దూరేదానికి వాకిళ్లు ఎక్కువవుతాయంట. నువ్వు నవ్వినావు. "వాకిళ్లు తెరిచేదానికి అది మాత్రనా, తాళంచెవా?"

మరుసటి దినమే ఓబులేసు మాట మన ఊరికి వచ్చింది. జమ్మలమడుగులో మందుల అంగడి ఓబులేసు, బీపీ మాత్రలు ఎవరూ మానొద్దని వచ్చినోళ్లందరికీ చెప్తున్నాడని. వాళ్లది మన ఎదురు పార్టీ. మీ అన్నను బాంబులేసి చంపిన కేసులో వాళ్ల చిన్నాయన పేరుంది. ఇరవై ఏడేండ్లుగా మనింటోళ్లు ఆ గడపలో మంచినీళ్లు ముట్టలేదు. పైగా సర్పంచి ఎన్నికల్లో మనోళ్లు ఓడి రెండు నెలలే అయింది.

అరుగు మీద అందరి ముందర నువ్వు గట్టిగా అన్నావు. "ఓబులేసు తూర్పంటే మనం పడమర. వాడు మానొద్దన్నాడంటే మానాల్సిందే!" మనోళ్లు నలుగురు ఆ పూటే మాత్రలు మానుకున్నారు.

నేను మాత్రం ఊరికే ఉన్నానా? నీ అట్ట బీరువాలో పెట్టి తాళం వేసినాను. ఎనిమిది మాత్రలు మిగిలినాయని ఇదే పుస్తకంలో రాసినాను. నువ్వు అడ్డం చెప్పలేదు. "తాళంచెవి భద్రం" అన్నావు, అంతే. అప్పుడే నీ మొగం సరిగా చూసి ఉంటే బాగుండు...

పదకొండు దినాలకు జ్వరం. మరుసటి పూటకు ఆయాసం. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నిన్ను లోపలికి తోసుకుపోతాంటే వెనక్కి తిరిగి అన్నావు. "ఆ మాత్రల సంగతి ఒకటుంది... వచ్చినాక చెప్తాలే." రాలేదు. దాచింది నువ్వే అని నన్ను తప్పు పట్టినావేమో అనుకున్నాను. ఏడాది మూడు నెలలూ అదే అనుకుంటూ అన్నం తిన్నాను.

నా బీపీ రాసేదానికి మొన్న పుస్తకం తెరిచినాను. నీ అంకెలు కనిపించినాయి. తాళం వేయక ముందరి పదకొండు దినాలు, వేసిన తర్వాతి పదకొండు దినాలు పక్కపక్కన పెట్టి చూసినాను. నూట ముప్పై, ఎనభై రెండు. నూట ఇరవై ఎనిమిది, ఎనభై. అటు ఎట్లుందో ఇటూ అట్లే ఉంది. మాత్ర మానితే పెరగొద్దా? ఇవి నా చేత్తో రాసినవే కదా, అప్పుడెందుకు అనుమానం రాలేదు?

పుస్తకం తీసుకుపోయి డాక్టరుకు చూపించినాను. అందరి ఒళ్లూ ఒకటి కాదుగానీ, ఇవి మాత్ర మానినోళ్ల అంకెల మాదిరి లేవన్నాడు. అసలు సంగతీ అడిగినాను. వాకిళ్ల అనుమానం మొదట్లో డాక్టర్లకే ఉండిందంట. తర్వాత చూస్తే, ఆ మాత్ర వేసుకున్నందువల్ల కరోనా ఎక్కువ రాలేదు, మానినందువల్ల తగ్గనూ లేదంట. అది జబ్బును తెచ్చేదీ కాదు, ఆపేదీ కాదు. బీపీని పట్టి ఉంచడమే దాని పని. అడక్కుండా మానడమే తప్పన్నాడు. ఈ జవాబు అప్పటికే వచ్చిందంట మామా. మన ఊరికీ వచ్చింది. ఓబులేసు నోటి నుంచి వచ్చిందని మనం వినలేదు.

ఇంటికొచ్చి బీరువా తెరిచినాను. ఎనిమిదీ అట్లే ఉండాయి. మరి నువ్వు వేసుకున్నవి యాడివి? చొక్కా జేబులు, పంచె మడతలు, ఎరువు సంచుల సందులు... అన్నీ వెతికినాను. దొరికింది నీ బండి పక్క పెట్టెలో, స్పానర్ల కింద. పదిహేను మాత్రల అట్ట, వేరే కంపెనీది. పదకొండు ఖాళీ గుంతలు. నాలుగు మాత్రలు. చుట్టిన కాగితం కవరు మీద ఓబులేసు అంగడి ముద్ర!

నవ్వొచ్చింది. నవ్వుతానే చానాసేపు ఏడ్చినాను.

అందుకే ఈ దినం జమ్మలమడుగు పోయినాను. ఓబులేసు నన్ను చూసి లేచి నిలబడినాడు. అరుగు మీద అరిచిన సాయంత్రమే నువ్వు టవలు మొగానికి చుట్టుకొని వచ్చినావంట. నీ బండి మోత ఊరందరికీ తెలుసు, టవలు చుడితే దాగుతుందా? అట్ట తీసుకొని నువ్వన్న మాట ఆయన అచ్చం నీ మాదిరే చెప్పినాడు. "ఓబులేసూ, మీవోళ్లకు చెప్పొద్దు. మావోళ్లకు అసలే చెప్పొద్దు. మా ఇంట్లో ఆయమ్మకు తెలిస్తే పుస్తకంలో రాస్తాది."

రాయనా మరి? రాసినందుకే కదా నిజం బయటపడింది?

ఒకటి మాత్రం అడుగుతాను, కోపం చేసుకోవద్దు. నువ్వు చాటుగా వేసుకున్నావు. నీ మాట నమ్మి మానిన నలుగురి సంగతేంది? వాళ్లలో సుబ్బన్నకు ఆ నెలలోనే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మానినందుకే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. నీకు తెలిసుంటే నిద్ర పట్టేదా? మనోళ్ల ముందర తల దించుకోవాల్సి వస్తుందని అంత భయమా నీకు?

రేపు పొద్దున ఆ అరుగు మీదికే పోయి, అందరి ముందర ఈ పుస్తకం తెరిచి చెప్తాను. నీ పరువు పోతుంది, తెలుసు. నేనే పోగొట్టాలి, వేరేవాళ్లు కాదు.

ఆ అట్ట దుడ్లు నువ్వు ఇయ్యలేదంట, చిల్లర లేదని. నేనిస్తే ఓబులేసు తీసుకోలేదు, మజ్జిగ తాగిపొమ్మన్నాడు. వాళ్లావిడ లోపలి నుంచి మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకొని మీ అన్నను తలుచుకున్నాను, నిన్నూ తలుచుకున్నాను. సంచిలో నుంచి నా అట్ట తీసి మొదటి మాత్ర నోట్లో వేసుకొని, ఆ మజ్జిగ అడుగుదాకా తాగినాను.

సాయంత్రం నా బీపీ: నూట నలభై ఆరు, తొంభై.

ఓబులేసు అంగడి, మాత్రల అట్ట ఒకటి. బాకీ చెల్లు.